తిథి చూసి సముద్రానికి

విహారయాత్ర అనే మాట వినగానే చాలామంది కళ్ళ ముందు కదలాడేది మధ్యధరా సముద్రతీరం. సున్నం వేసిన తెల్లని ఇళ్ళు, ద్రాక్షపందిళ్ళు, గాజుపలక వంటి నీలిజలాలు, ఆ నీటి మీద కొద్దిసేపటి పడవ ప్రయాణంలో అందే చిన్న చిన్న దీవులు. క్యాలెండర్ల పుణ్యమా అని ఈ దృశ్యం ఎన్నడూ ఊరు కదలని వారికి కూడా సుపరిచితమైపోయింది. సూరత్ నగరపు దక్షిణ భాగాన, పాండేసరా, బమ్రోలీల చెంతనున్న వడోద్ లో ఏ మరమగ్గాల షెడ్డు గోడమీదనో కూడా అటువంటి బొమ్మ ఒకటి వేలాడుతూ ఉండవచ్చు. ఆ గోడకు ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా నిజమైన సముద్రం ఉన్నది. ఆ సముద్రానికి ఆవలి ఒడ్డు ఉన్నది. ఆవలి ఒడ్డు వెంట దక్షిణంగా పోతే కోటగోడలూ, పాత చర్చీలూ, శాంతమైన నీటి అంచూ గల ఒక దీవి ఉన్నది. బొమ్మలోని తీరానికి పోవడానికి పాస్‌పోర్టు కావాలి. ఈ తీరానికి పోవడానికి పంచాంగం చాలు. ఇది చమత్కారం కోసం అన్న మాట కాదు.

సూరత్ లో స్థిరపడిన తెలుగువారిలో అధిక సంఖ్యాకులు తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన చేనేత కుటుంబాల వారు. లింబాయత్ ప్రాంతంలో వారి నివాసాలు ఎక్కువ. నగరపాలక సంస్థ తన పాఠశాలల్లో తెలుగు మాధ్యమానికి కూడా చోటు కల్పించవలసి వచ్చిందంటే వారి సంఖ్య ఏపాటిదో ఊహించుకోవచ్చు. ఇంటివద్ద చేతిమగ్గం నేసిన తాతల మనుమలు ఇక్కడ సాంచాలు నడుపుతున్నారు. మరమగ్గాన్ని సిరిసిల్ల వైపు సాంచా అంటారు. ఆ మాట వారితోపాటు తపతీ తీరానికి వచ్చింది. పన్నెండు గంటల పాళీ, పక్కవాడి మాట వినిపించనంత చప్పుడు, నేసిన మీటరుకు ఇంతని కూలి. ఈ మూడవ విషయమే విహారయాత్రకు ప్రథమ శత్రువు. నెలజీతగాడికి సెలవు అంటే ఖర్చు మాత్రమే. మీటరు లెక్కన బ్రతికేవాడికి సెలవు అంటే ఖర్చూ, రాబడి నష్టమూ రెండూ. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి ఇరవై పనిదినాలకూ ఒకరోజు చొప్పున వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలన్నది. కాని చిన్న చిన్న షెడ్లలో, మనిషి పేరు పుస్తకానికి ఎక్కని చోట, ఆ అక్షరాలకు ప్రాణం ఉండదు.

మధ్యధరా తీరం కూడా ఒకప్పుడు ధనికుల సొత్తే. 1936లో ఫ్రాన్సులో అధికారానికి వచ్చిన పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం కార్మికులకు ఏడాదికి రెండు వారాల వేతన సెలవును చట్టం చేసి, రైలు చార్జీలలో రాయితీ కల్పించింది. ఆ వేసవిలో ఎందరో కార్మికులు, నడివయసు దాటినవారు సైతం, జీవితంలో మొదటిసారిగా సముద్రాన్ని చూశారు. ఈనాడు మనం "ప్రపంచ ప్రసిద్ధ విహారతీరం" అని పిలుచుకునే ఆ తీరానికి ఆ ప్రసిద్ధిని తెచ్చినవారిలో రాజులూ, చిత్రకారులూ ఎంత ఉన్నారో, ఆ రాయితీ టిక్కెట్లు కొనుక్కున్న వారూ అంత ఉన్నారు.

సూరత్ లో అటువంటి సెలవు చట్టం వల్ల కాక సంప్రదాయం వల్ల వస్తుంది. దీపావళికి బట్టల మార్కెట్లు మూతపడి లాభపంచమి నాడు, అంటే కార్తీక శుద్ధ పంచమి నాడు, మళ్ళీ తెరుచుకుంటాయి. ఊళ్ళకు పోయినవారు తిరిగివచ్చి షెడ్లలో సాంచాలన్నీ ఆడటానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది. ఏడాదిలో కూలి పోయిందన్న బెంగ లేకుండా కాలు బయట పెట్టగల కాలం ఇదే. ఆ రోజుల్లో తెలుగు కుటుంబాలలో చాలామంది నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్లు దారి పడతారు. పుట్టిన ఊరికి పోవడాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. కాని దానిని విశ్రాంతి అనడం మాత్రం సాహసమే. ఊరికి పోయినవాడు పెళ్ళి చదివింపులు, అన్నదమ్ముల పొలం తగాదా, ముసలి తల్లిదండ్రుల వైద్యం, ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలు అన్నీ చక్కబెట్టుకుని, వెళ్ళినప్పటికంటె అలసిపోయి తిరిగి వస్తాడు. రెండు మూడేళ్ళకు ఒకసారైనా ఆ అయిదారు రోజులను భార్యాపిల్లలతో నీటి ఒడ్డున గడపాలని అనుకునే కుటుంబానికి ఏ దారి అనుకూలమో చూద్దాం.

ముందుగా ఈ సముద్రపు స్వభావం తెలియాలి. మధ్యధరా సముద్రానికి మహాసముద్రంతో ఉన్న సంబంధం జిబ్రాల్టర్ వద్ద పద్నాలుగు కిలోమీటర్ల వెడల్పుగల ఇరుకైన ద్వారం. అట్లాంటిక్ లోని పోటు ఆ ద్వారం గుండా లోపలికి పెద్దగా ప్రవేశించలేదు. అందువల్ల అక్కడ చాలా తీరాల్లో పోటుకూ పాటుకూ నీటిమట్టంలో తేడా జానెడు, మూరెడుకు మించదు. ఉదయం ఎక్కడ చాప పరచుకున్నారో సాయంత్రమూ అక్కడే కూర్చోవచ్చు. ఆ తీరం మనిషిని సేదదీర్చడంలోని రహస్యం సగం ఇదే.

ఖంభాత్ సింధుశాఖ ఇందుకు పూర్తిగా విరుద్ధం. దక్షిణాన అరేబియా సముద్రానికి నోరు వెడల్పుగా తెరచి, ఉత్తరానికి పోనుపోను గరాటులాగా సన్నబడుతుంది. లోతు కూడా తగ్గుతుంది. లోనికి చొచ్చుకువచ్చిన నీరు పక్కకు పోయే దారి లేక పైకి లేస్తుంది. భావనగర్ వైపు పోటుపాట్ల మధ్య తేడా పది మీటర్లు దాటుతుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు నీరు, రోజుకు రెండుసార్లు, వచ్చి పోతుందన్నమాట. ప్రపంచంలోని అత్యధిక పోట్లలో ఇదొకటి. నర్మద, తపతి, మహి, సబర్మతి నదులు తెచ్చిపోసే ఒండ్రు దీనికి తోడు. కనుకనే ఇక్కడి నీరు నీలంగా కాక టీ రంగులో ఉంటుంది. పాటు సమయంలో సముద్రం కనుచూపుమేర వెనక్కి పోయి బురదమేట మిగులుతుంది. మళ్ళీ వచ్చేటప్పుడు నడిచే మనిషి కంటె వేగంగా రాగలదు.

ఈ స్వభావం తెలియని వారికి మొట్టమొదటి పాఠం డూమస్ లోనే దొరుకుతుంది. వడోద్ కు అతి సమీపంలోని తీరం అదే. నల్లని ఇసుక, సాయంత్రపు గాలి, వేడివేడి టొమాటో బజ్జీలు. ఒక పూట సరదాకు ఇంతకంటె ఏం కావాలి? ఆ తీరాన దయ్యాలు తిరుగుతాయనే కథలు కూడా దానికి దేశమంతటా పేరు తెచ్చాయి. దయ్యాల సంగతి ఎలాగున్నా, పోటు సంగతి నిజం. గట్టిగా ఉన్నదని ఇసుక మీదికి నడిపించిన కార్లు నీటిలో చిక్కుకోవడం పరిపాటి. డూమస్ చూడటానికి మంచి తీరం. దిగి ఈదడానికి కాదు. తపతికి ఆవలనున్న సువాలీ గురించీ ఇదే చెప్పాలి. అక్కడ 1612 నవంబరులో థామస్ బెస్ట్ నాయకత్వాన ఆంగ్లేయుల ఓడలు పోర్చుగీసు ఓడలను ఎదుర్కొని నిలిచాయి. ఆ తరువాతనే సూరత్ లో ఆంగ్లేయుల వర్తకం వేళ్ళూనుకుంది. పెద్ద ఓడలు సువాలీ వద్ద లంగరు వేస్తే, సరుకు చిన్న పడవల్లో పోటు చూసుకుని తపతిలోనికి ఎక్కివచ్చేది. ఆనాడు హజ్ యాత్రికులు ఓడ ఎక్కిన రేవూ ఇదే.

డూమస్ తో తృప్తిపడక, నాలుగైదు రోజులు కేటాయించగల కుటుంబం సింధుశాఖను దాటాలి. 2020 వరకు ఈ మాట చెప్పడం తేలిక, చేయడం కష్టం. సూరత్ నుండి భావనగర్ కు రోడ్డు మార్గం సింధుశాఖను చుట్టి పోతుంది. సుమారు 370 కిలోమీటర్లు, పది పన్నెండు గంటలు. 2017 అక్టోబరులో దహేజ్, ఘోఘాల మధ్య పడవ సర్వీసు ప్రారంభమైనా, నర్మద ముఖద్వారాన మేట వేసే ఒండ్రు దానిని నిలువనీయలేదు. 2020లో అది ఆగిపోయింది. అదే సంవత్సరం నవంబరు 8న సూరత్ పక్కనున్న హజీరా నుండి ఘోఘాకు కొత్త సర్వీసు ఆరంభించారు. మనుషులనేకాక కార్లనూ లారీలనూ కూడా పొట్టలో పెట్టుకుపోగల ఓడ. రోడ్డున 370 కిలోమీటర్లుండే దూరం నీటి మీద సుమారు 90 అయింది. ప్రయాణ కాలం నాలుగు గంటలకు తగ్గింది. పోటునుబట్టి, వాతావరణాన్నిబట్టి వేళలు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందురోజు వేళను మరోసారి రూఢి చేసుకోవాలి. దీపావళి రోజుల్లో సీట్లు ముందుగానే నిండిపోతాయి. రాకపోకల టిక్కెట్లు రెండూ ఒకేసారి తీసుకోవడం వివేకం. వెళ్ళడానికి తీసుకుని, తిరిగిరావడం సంగతి తరువాత చూసుకుందామనుకునేవారే చివరకు కిక్కిరిసిన బస్సులో రాత్రంతా నిలబడతారు. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు ఓడ మధ్యభాగంలో కూర్చుని, కంటిని దిగంతం మీద నిలపాలి. ఒక అల్లం ముక్క, ఇంట్లో చేసిన సర్వపిండి సంచిలో ఉంటే మరీ మంచిది.

ఘోఘా ఈనాడు చిన్న ఊరు. "లంక పిల్ల, ఘోఘా పిల్లవాడు" అని గుజరాతీలలో ఒక సామెత ఉన్నది. అంత దూరపు సంబంధాలు కలిపిన రేవు అన్నమాట. దానికి ఎదురుగా నీటిలో కనిపించేది పీరం దీవి. పదునాలుగవ శతాబ్దిలో మోఖడాజీ గోహిల్ అనే నాయకుడు ఆ దీవిని స్థావరం చేసుకుని, వచ్చేపోయే ఓడల నుండి సుంకం గుంజి, తుదకు తుగ్లక్ సేనలతో పోరాడి మరణించాడు. పందొమ్మిదవ శతాబ్దిలో అక్కడి రాళ్ళలో లక్షల సంవత్సరాల కిందటి జంతువుల అవశేషాలు దొరికాయి. జిరాఫీ జాతికి చెందిన భారీ జంతువు బ్రామథీరియం వాటిలో ఒకటి. చరిత్రాభిమానులకు నోరూరే దీవి కాని, పిల్లలతో విశ్రాంతి కోసం బయలుదేరినవారు దానిని దూరం నుంచి చూసి దండం పెట్టడమే మేలు. అక్కడి ప్రవాహాలు అనుభవజ్ఞులైన సరంగులనే పరీక్షిస్తాయి.

పంచాంగం అవసరమయ్యేది ఆ మరుసటి రోజున. భావనగర్ కు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కోళియాక్ అనే పల్లె ఉన్నది. తీరం నుండి సుమారు కిలోమీటరు లోపల, సముద్రగర్భంలో, నిష్కళంక మహాదేవుని సన్నిధి. బండరాతి తిన్నె మీద అయిదు శివలింగాలు. కురుక్షేత్ర యుద్ధానంతరం బంధుహత్యా దోషం పోగొట్టుకోవడానికి పాండవులు నల్లని జెండా పట్టుకుని, నల్లని ఆవు వెంట నడవగా ఇక్కడికి చేరేసరికి రెండూ తెల్లబడ్డాయనీ, అయిదుగురికీ అయిదు లింగాలు వెలిశాయనీ స్థలపురాణం. పోటు సమయంలో లింగాలు మునిగి జెండాకొయ్య మాత్రం కనబడుతుంది. పాటు సమయంలో నీరు దారి విడుస్తుంది. భక్తులు తడి ఇసుక మీద నడిచి వెళ్ళి, పూజ ముగించుకుని, నీరు మళ్ళేలోగా ఒడ్డుకు చేరాలి. శ్రావణ బహుళ అమావాస్య నాడు, తెలుగువారు పోలాల అమావాస్య జరుపుకునే రోజున, ఇక్కడ పెద్ద జాతర.

అమావాస్యకే ఎందుకు? సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసన పనిచేసే అమావాస్య, పౌర్ణమిలలోనూ, ఆ తరువాతి ఒకటి రెండు రోజుల్లోనూ పోటు మరింత ఎత్తుకు లేస్తుంది, పాటు మరింత దిగువకు పోతుంది. అష్టమి ప్రాంతంలో రెండూ మందగిస్తాయి. ఒక పోటు నుండి మరొక పోటుకు పన్నెండు గంటల పాతిక నిమిషాలు. కాబట్టి ఈరోజు నీరు దిగిన వేళకంటె రేపు ముప్పావుగంట పైన ఆలస్యంగా దిగుతుంది. చంద్రుని గమనం మీదనే తిథులు ఆధారపడి ఉన్నాయి గనుక, ఒక చోట ఫలానా తిథినాడు నీరు ఏవేళకు దిగుతుందో తెలిస్తే ప్రతి పక్షంలోనూ అదే తిథికి సుమారుగా అదే వేళ. గడియారం లేని కాలంలో ఇక్కడి నావికులు చేసిన లెక్క ఇదే. దీపావళి అమావాస్య కావడం మన కుటుంబానికి కలిసివచ్చిన అదృష్టం. పాడ్యమి నాడు హజీరాలో ఓడ ఎక్కి ఆ రాత్రి భావనగర్ లో బస చేస్తే, విదియనాడు కోళియాక్ వద్ద నీరు బాగా వెనక్కి పోతుంది. అంచనాకు తిథి చాలును. అడుగు ముందుకు వేయడానికి మాత్రం ఆనాటి పోటుపాట్ల పట్టికను, స్థానికులను అడిగి తీరాలి. ఊళ్ళోవాళ్ళు వెనక్కి మళ్ళుతున్నప్పుడు ఇంకో ఫొటో తీసుకుందామని ఆగిపోకూడదు.

అక్కడినుండి తీరం వెంట నైరుతిగా సాగే దారిలో అలంగ్ తగులుతుంది. 1983 నుండి ప్రపంచపు ముసలి ఓడలెన్నో అక్కడ ఆఖరి శ్వాస విడిచాయి. వాటిని అక్కడికి తెచ్చేదీ ఈ పోటే. పెద్ద పోటునాడు ఓడను పూర్తివేగంతో ఒడ్డుకు తోలితే, నీరు దిగిపోయాక అది నేల మీద మిగిలిపోతుంది. ఇక మనుషులు దానిని ముక్కలు చేస్తారు. ప్రమాదకరమైన ఆ పని చేసేవారిలో సూరత్ మగ్గాల వద్ద లాగానే దూరప్రాంతాల నుండి వచ్చిన వలసకూలీలే అధికం. లోపలికి అనుమతి లేనిదే పోనివ్వరు. దారి పక్కన దుకాణాల్లో ఓడల నుండి విప్పిన కుర్చీలు, పింగాణీ, అద్దాలు, లైఫ్ జాకెట్లు అమ్ముతారు. ఆగితే పూట గడిచిపోతుంది, చేతిలో డబ్బూ పోతుంది.

మహువా దాటి ఊనా చేరి, వంతెన మీదుగా దీవ్ లో ప్రవేశించేసరికి సముద్రం రంగు మారుతుంది. సింధుశాఖ గరాటు వెనకబడింది. ఇది విశాలమైన అరేబియా సముద్రం. పోటుపాట్ల తేడా బాగా తగ్గి, బురద స్థానంలో ఇసుకా, సున్నపురాతి గుట్టలూ కనబడతాయి. సుమారు నలభై చదరపు కిలోమీటర్ల ఈ దీవికి క్యాలెండరులోని మధ్యధరాతో పోలిక కేవలం కంటికి కనిపించేది కాదు, చరిత్ర పెట్టినది కూడా. భారతదేశపు మిరియాలూ సుగంధద్రవ్యాలూ ఎర్రసముద్రం మీదుగా ఈజిప్టుకు, అక్కడ నుండి మధ్యధరా మీదుగా వెనిస్ కు పోతున్నన్నాళ్ళూ వెనిస్ వర్ధిల్లింది. 1498లో వాస్కో డ గామా చుట్టుదారి కనిపెట్టడంతో ఆ భాగ్యానికి గండి పడింది. 1509 ఫిబ్రవరిలో దీవ్ ఎదుట పోర్చుగీసు నౌకాదళం ఒకవైపు, ఈజిప్టు మామ్లూకులు, గుజరాత్ సుల్తాను, కాలికట్ సామూతిరి పక్షాల నౌకలు మరొకవైపు తలపడ్డాయి. మామ్లూకులకు వెనిస్ అండ ఉన్నది. పోర్చుగీసులు గెలిచారు. మధ్యధరా రేవుల తలరాత ఎంతో కొంత ఈ ఊరి ముంగిట నిర్ణయమైంది.

1535లో గుజరాత్ సుల్తాను బహదూర్ షా, మొగలుల భయం చేత, పోర్చుగీసులకు ఇక్కడ కోట కట్టుకోవడానికి అనుమతించాడు. రెండేళ్ళు తిరక్కుండానే వారితో జరిగిన ఘర్షణలో ఈ నీటిలోనే ప్రాణం విడిచాడు. 1538లో సూయెజ్ నుండి వచ్చిన ఆటోమన్ నౌకాదళంతో ఒకసారి, 1546లో మరొకసారి ముట్టడికి గురై కూడా కోట నిలిచింది. 1961 డిసెంబరులో భారతసేనలు విముక్తి చేసేవరకు దీవ్ పోర్చుగీసు పాలనలోనే ఉన్నది. బురుజుల మీద పాత ఫిరంగులు నేటికీ సముద్రంవైపు చూస్తుంటాయి. పిల్లలు వాటిమీద ఎక్కి కూర్చుంటారు.

దీవ్ లో ఏమేమి చూడాలని అడిగేవారికి జాబితా ఇవ్వడం కష్టం కాదు: సెయింట్ పాల్ చర్చి, నాయిదా గుహలు, అలలు స్వయంగా అభిషేకం చేసే గంగేశ్వర లింగాలు. ఒక పూటను మాత్రం ఖుక్రీ స్మారకానికి ఇవ్వాలి. 1971 డిసెంబరు 9న ఈ తీరానికి ఎదుట భారత యుద్ధనౌక ఖుక్రీ పాకిస్తాన్ జలాంతర్గామి దాడికి మునిగిపోయింది. 18 మంది అధికారులూ 176 మంది నావికులూ మరణించారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఇతరులను రక్షించే ప్రయత్నం చేసి, తాను నౌకను వదలలేదు.

మిగిలిన సమయమంతా ఊరికే కూర్చోవడానికి. కష్టమైనది ఇదే. నాగోవా తీరం గుర్రపునాడా ఆకారంలో వంగి, కొమ్మలు చీలిన హోకా తాటిచెట్ల నీడలో అందంగా ఉంటుంది, కాని దీపావళికి అక్కడ ఇసుక కంటె జనమే ఎక్కువ. మద్యనిషేధం ఉన్న గుజరాత్ నుండి దీవ్ కు సీసా కోసమే వచ్చేవారి సందడి కూడా అక్కడే. పిల్లలున్నవారు వంతెనకు ఈవలనున్న ఘోఘ్లా వైపు బస చూసుకోవడం ఉత్తమం. 2020లో పరిశుభ్రతకు, భద్రతకు గుర్తుగా ఇచ్చే "బ్లూ ఫ్లాగ్" గుర్తింపు మొదటి విడతలో పొందిన భారతీయ తీరాలలో, మన విశాఖపట్నం ఋషికొండతోపాటు ఘోఘ్లా కూడా ఉన్నది. ఆ గుర్తింపు పద్ధతి మొదలైనది 1985లో, ఫ్రాన్సులోనే.

మూడవరోజు సాయంత్రానికి ఎవరో ఒకరు "సోమనాథ్ దగ్గరే గదా" అంటారు. మరొకరు "గిర్ సింహాలు" అంటారు. అటుపైన ద్వారక. ఈ ముచ్చటకు లొంగిన క్షణాన విహారయాత్ర తీర్థయాత్రగా, తీర్థయాత్ర పరుగుపందెంగా మారుతుంది. సోమనాథుడు ఎక్కడికీ పోడు. మరో ఏడు చూడవచ్చు. మగ్గం చప్పుడుకు అలవాటుపడ్డ చెవి అల చప్పుడును వినడం మొదలుపెట్టడానికే రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ గడిచాక బండి ఎక్కించడం న్యాయం కాదు.

నాలుగైదు రోజులు గాని, ఓడ ఖర్చు గాని భరించలేని ఇంటికి ఒక్క పగటి ప్రయాణంలో దండి ఉన్నది. నవసారి మీదుగా పొద్దున బయలుదేరి చీకటిపడేలోగా వడోద్ చేరవచ్చు. 1930 ఏప్రిల్ 6న గాంధీజీ ఉప్పు తీసిన తీరం. 2019లో అక్కడ జాతీయ స్మారకాన్ని ఆరంభించారు. గాంధీజీతో సబర్మతి నుండి నడిచిన సత్యాగ్రహుల నిలువెత్తు ప్రతిమలు అక్కడ వరుసగా నడుస్తున్నట్లు నిలిచి ఉన్నాయి. ఆ యాత్రికుల్లో ఆంధ్రదేశం నుండి వెళ్ళిన ఎర్నేని సుబ్రహ్మణ్యం ఉన్నాడు. నవసారిలో అన్నం మూటకట్టించుకుని, పోటు వేళ అడిగి తెలుసుకుని వెళ్ళడం మంచిది. మధ్యాహ్నం ఎండకు నీడ తక్కువ.